సర్ఫ్ బీచ్ పక్కన టెంట్ వేసి గడపాలంటే: తేదీ ఎంచుకోవడం నుంచి సామాను సర్దుకునేదాకా

అలలు బాగా లేచే తీరంలో ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకుని గడపాలని చాలామందికి ఉంటుంది. మామూలు పిక్నిక్‌కి బయల్దేరినట్టు వెళ్తే మాత్రం అర్ధరాత్రి టెంట్‌లోకి నీళ్లు రావడమో, గాలికి టెంట్ కూలిపోవడమో జరుగుతుంది. ఏ అలల కోసం అక్కడికి వెళ్తామో ఆ అలలే అక్కడి ఇసుకను రోజూ కదుపుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గొయ్యి ఉండొచ్చు. అందుకే ఇక్కడ ఏ పని చేయాలన్నా ముందు మూడు విషయాలు తెలియాలి: పోటు ఎప్పుడు, అల ఎంత, గాలి ఎటు. టెంట్ ఎక్కడ వేయాలి, నీళ్లలోకి ఎప్పుడు దిగాలి, ఎప్పుడు ఒడ్డునే కూర్చోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు వాటిలోనే దొరుకుతాయి.

1. ముందు అనుమతి, తర్వాత తేదీ

సముద్రం అందరిదీ కదా అని ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయడానికి కుదరదు. చాలా బీచ్‌లలో రాత్రి బస నిషేధం. కొన్నిచోట్ల గుర్తించిన స్థలంలోనే, అదీ ముందే బుక్ చేసుకుని ఉండాలి. ఆ తీరం ఎవరి అజమాయిషీలో ఉందో కనుక్కుని, రాత్రి ఉండొచ్చా, మంట వేయొచ్చా, బండి ఎక్కడిదాకా తేవొచ్చు అని అడగండి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమా అన్నది కూడా అడగండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ కాలంలో రాత్రిపూట తీరంలోకి రానివ్వని చోట్లు ఉన్నాయి.

తేదీ విషయానికొస్తే, సెలవుల క్యాలెండర్ కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ రాత్రి 10 గంటలకు వచ్చిన పోటు రేపు రాత్రి దాదాపు 10:50కి వస్తుంది. అన్ని తీరాలూ ఒకలా ఉండవు. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల ఆటుకీ పోటుకీ తేడా పెద్దగా కనిపించదు, కెనడాలోని ఫండీ అఖాతంలో అది 16 మీటర్ల దాకా పోతుంది. ఒక బీచ్‌లో నీళ్లు ఇంతవరకే వచ్చాయి కదా అన్న ధీమాతో ఇంకో బీచ్‌లో టెంట్ వేయకండి. మీరు వెళ్లే చోటికి దగ్గర్లోని రేవు పట్టికే చూడండి.

పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి పోతాయి. ఈ ప్రభావం ఆ తిథి దాటిన ఒకటి రెండు రోజులకు గట్టిగా ఉంటుంది. సగం చంద్రుడు కనిపించే అష్టమి తర్వాత ఒకటి రెండు రోజులు తేడా తక్కువ. మొదటిసారి తీరంలో పడుకోబోయేవాళ్లకు నేను అష్టమి రోజులే చెబుతాను. నిండు వెన్నెల్లో సముద్రం చూడాలన్న కోరిక ఉంటే తప్పు లేదు కానీ, ఆ రాత్రి టెంట్‌ని ఇంకాస్త వెనక్కి జరపండి.

నీరు పెరిగే వేగం కూడా తెలుసుకోవాలి. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలనుకుంటే, మొదటి గంటలో మొత్తం ఎత్తులో పన్నెండో వంతే పెరుగుతుంది. రెండో గంటలో అలాంటివి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. అంటే సగం నీరు మధ్యలోని రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. రాళ్ల మలుపు దాటి అవతలి చిన్న బీచ్‌కి నడిచి వెళ్లినవాళ్లు ఇరుక్కుపోయేది ఎక్కువగా ఈ రెండు గంటల్లోనే. వెళ్లేటప్పుడు పాదాలు కూడా తడవని దారి, వచ్చేటప్పుడు నడుము లోతు అవుతుంది. అటువైపు వెళ్లాలనుకుంటే ఆటు పూర్తిగా తీయకముందే బయల్దేరి, నీరు మళ్లీ తిరగగానే వెనక్కి వచ్చేయండి.

ఇంకో మాట. పట్టికలో ఉండేది సూర్యచంద్రుల లెక్క మాత్రమే. వాయుపీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. దానికి తోడు గాలి సముద్రం నుంచి ఒడ్డుకు గట్టిగా వీస్తే నీరు తీరానికి వచ్చి ఎగదన్నుతుంది. కాబట్టి దగ్గర్లో అల్పపీడనం ఉందన్న వార్త వస్తే ట్రిప్ వాయిదా వేసుకోండి. బుకింగ్ డబ్బులు పోతాయన్న బాధ ఒక్క రోజే ఉంటుంది.

2. అల లెక్క చదవడం నేర్చుకోండి

సర్ఫ్ ఫోర్‌కాస్ట్ తెరిస్తే అల ఎత్తు, పీరియడ్, దిశ, గాలి కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎత్తు ఒక్కటే చూస్తారు. అసలు సంగతి పీరియడ్‌లో ఉంటుంది. పీరియడ్ అంటే ఒక అల వచ్చాక తర్వాతి అల రావడానికి పట్టే సెకన్లు.

అలను పుట్టించేది గాలి. ఎంత వేగంగా, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీచిందన్నదాన్ని బట్టి అల పెరుగుతుంది. దగ్గర్లోని గాలికి లేచిన అలలు పొట్టిగా, గజిబిజిగా, 5 నుంచి 7 సెకన్లకొకటి వస్తాయి. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుపాను రేపిన అలలు దారిలో వరుస కట్టి, 12, 15 సెకన్లకొకటి చొప్పున తీరం చేరతాయి. వాటినే స్వెల్ అంటారు. లోతైన నీటిలో అల పొడవు పీరియడ్ వర్గాన్ని 1.56తో గుణిస్తే వస్తుంది. 7 సెకన్ల అల పొడవు సుమారు 76 మీటర్లు, 15 సెకన్ల అల పొడవు 350 మీటర్లు. అల మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గంతోనూ పీరియడ్‌తోనూ పెరుగుతుంది. కాబట్టి 'మీటరున్నర, 7 సెకన్లు' అన్న రోజూ 'మీటరున్నర, 15 సెకన్లు' అన్న రోజూ ఒకటి కావు. రెండో రోజున శక్తి రెట్టింపు. ఒడ్డుకు చేరేసరికి ఆ అలలు ఇంకా ఎత్తు లేస్తాయి, ఇసుక మీద ఇంకా పైదాకా పాకుతాయి.

ఫోర్‌కాస్ట్‌లో ఇచ్చే ఎత్తు కూడా అన్ని అలల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. అప్పుడప్పుడూ ఒక అల దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. పైగా స్వెల్ అలలు గుంపులుగా వస్తాయి. వీటిని సెట్ అంటారు. రెండు సెట్‌ల మధ్య సముద్రం పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు నెమ్మదిగా ఉంటుంది. ఆ విరామంలో వచ్చినవాళ్లు 'ఇవాళ ప్రశాంతంగా ఉంది' అనుకుని రాళ్ల మీద ఫొటోలకు నిలబడతారు. సరిగ్గా అప్పుడే సెట్ వస్తుంది. పీరియడ్ 12 సెకన్లు దాటిన రోజు రాళ్ల చివరకు అసలు వెళ్లకండి.

సర్ఫింగ్ నేర్చుకోవడానికి వెళ్తుంటే అర మీటరు నుంచి మీటరు లోపు అలలు, 10 సెకన్ల లోపు పీరియడ్, ఇసుక అడుగున్న చోటు చూసుకోండి. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంటే అల ముఖం నున్నగా నిలబడుతుంది. ఎక్కువగా పొద్దున్నే ఇలా ఉంటుంది. ఎండెక్కాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది, అలలు చెదిరిపోతాయి. సర్ఫర్లు తెల్లవారకముందే లేచేది ఇందుకే. పక్క టెంట్‌లో ఐదింటికే అలికిడి మొదలైతే విసుక్కోకండి.

3. సామాను

మామూలు క్యాంపింగ్ సామాను జాబితా మీ దగ్గర ఉండే ఉంటుంది. దానికి ఇక్కడ కలపాల్సినవి కొన్నే. గట్టి గుడ్డతో కుట్టిన ఖాళీ సంచులు అరడజను, అదనపు తాడు, చిన్న పార, ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్, విజిల్, వెనిగర్ సీసా, ఇసుక దులపడానికి చిన్న చీపురు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల మంచినీళ్లు. సముద్రపు నీళ్లు ఎంత మరిగించినా ఉప్పు పోదు, కాబట్టి ఈ లెక్కలో పొదుపు వద్దు. టెంట్ ఎత్తు తక్కువగా, గుమ్మటంలా ఉంటే మంచిది. నిలబడి తిరిగేంత ఎత్తున్న ఫ్యామిలీ టెంట్లు తోటలకు బాగుంటాయి, తీరపు గాలికి తెరచాపలవుతాయి.

4. చేరగానే టెంట్ విప్పకండి

పొద్దుగూకడానికి కనీసం రెండు గంటల ముందు చేరేలా బయల్దేరండి. చేరాక బండిలోంచి ఏమీ దించకుండా కాస్త ఎత్తున్న చోట ఇరవై నిమిషాలు కూర్చుని సముద్రాన్ని చూడండి. ఒక సెట్ అయినా మీ కళ్ల ముందు రావాలి. పిల్లలు తొందర పెడతారు, పెట్టనివ్వండి.

ముందు ఇసుక చూడండి. ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు, ప్లాస్టిక్ ముక్కలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. కొన్నిచోట్ల అలాంటివి రెండు మూడు గీతలుంటాయి. వాటిలో అన్నిటికన్నా పైనున్నదే మీకు లెక్క, ఎందుకంటే పెద్ద పోటు రోజునో తుపాను రోజునో నీరు అక్కడిదాకా చేరింది. ఆ గీతకూ ఇసుక దిబ్బల అంచుకూ మధ్య తగినంత జాగా లేకపోతే ఆ బీచ్ మీద రాత్రి ఉండకండి, దిబ్బల వెనక గుర్తించిన స్థలం వెతుక్కోండి. ఇసుక అంచు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటే అలలు ఈమధ్యే దాన్ని కొరికేశాయని అర్థం. అక్కడికి దగ్గర్లో టెంట్ వద్దు.

తర్వాత నీళ్లు చూడండి. అలలు వరుసగా తెల్లగా విరుగుతున్న చోట్ల మధ్యలో ఒక సందు ముదురు రంగులో, నిమ్మళంగా కనిపిస్తుందా? అక్కడ నురుగు, నాచు సముద్రం వైపు పోతున్నాయా? నీరు ఇసుక కలిసి మట్టి రంగులో ఉందా? అయితే అది రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పరుగెత్తే ప్రవాహం. దాని సంగతి కింద వివరంగా రాశాను. ఇప్పటికి అది ఎక్కడుందో, ఒడ్డున దానికి ఎదురుగా ఏ చెట్టో ఏ స్తంభమో ఉందో గుర్తుపెట్టుకోండి.

లైఫ్‌గార్డు టవర్ ఎక్కడ, వాళ్లు ఎన్నింటిదాకా ఉంటారు, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతోంది, ఎత్తు ప్రదేశానికి కాలినడక దారి ఎటు అన్నవి కూడా వెలుతురుండగానే చూసి పెట్టుకోండి.

5. టెంట్ వేయడం

టెంట్‌కు పనికిరాని చోట్లు ముందు చెబుతాను. కొండచరియ కింద వద్దు, రాళ్లు జారతాయి. ఏటి మొగ దగ్గర వద్దు, ఎగువన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ చినుకు పడకుండానే నీరొస్తుంది. ఎండిపోయిన వాగు ఇసుక మెత్తగా పరుపులా ఉంటుంది, అయినా అక్కడా ఇదే ప్రమాదం. దిబ్బల మీద కూడా వద్దు. అక్కడి గడ్డి, తీగలే ఇసుకను పట్టి ఉంచుతాయి. నాలుగు టెంట్లు వేసి తొక్కితే అవి చచ్చిపోతాయి, తర్వాత దిబ్బ గాలికి కొట్టుకుపోతుంది. దిబ్బలు దాటడానికి వేసిన బాటల మీదుగానే నడవండి.

చోటు కుదిరాక టెంట్ వెనకవైపు, అంటే పొట్టిగా వాలుగా ఉన్న వైపు, గాలికి ఎదురుగా పెట్టండి. తలుపు గాలికి ఎదురుగా ఉంటే తెరిచిన ప్రతిసారీ టెంట్ ఉబ్బిపోతుంది. ఒక చిక్కు ఉంది. పగలు సముద్రం నుంచి వీచే గాలి, రాత్రి నేల చల్లబడ్డాక నేల మీద నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం గాలిని చూసి ఒక్క వైపే తాళ్లు కడితే అర్ధరాత్రి లేవాల్సి వస్తుంది. నాలుగు వైపులా కట్టండి.

టెంట్‌తో వచ్చే సన్నటి పెగ్గులు ఇసుకలో నిలవవు. వెన్నలో కత్తి దిగినట్టు దిగి, అంతే సులువుగా పైకి వచ్చేస్తాయి. వెడల్పాటి పొడవైన ఇసుక పెగ్గులుంటే సరే, లేకపోతే గుడ్డ సంచులు పనికొస్తాయి. ఒక్కో సంచిని ఇసుకతో నింపి మూతి కట్టేయండి. టెంట్‌కు మీటరు దూరంలో మోచేయి లోతు గొయ్యి తవ్వండి. తాడును సంచి నడుము చుట్టూ ఒకసారి తిప్పి, రెండు కొసలూ పైకి తెచ్చి టెంట్ దగ్గర ముడి వేయండి. సంచిని తాడుకు అడ్డంగా గొయ్యిలో పడుకోబెట్టండి. తాడు గొయ్యి అంచుకు ఒరుసుకుని నిలువుగా రాకుండా, టెంట్ వైపు ఏటవాలుగా సన్నటి గాడి చేసి అందులోంచి రానివ్వండి. గొయ్యి పూడ్చి, కాళ్లతో తొక్కి, పైన రెండు చెంబుల సముద్రపు నీళ్లు పోయండి. తడి ఇసుక పొడి ఇసుక కన్నా చాలా గట్టిగా పట్టుకుంటుంది. ముడి పైనే ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక కొస వదిలి లాగితే తాడు వచ్చేస్తుంది, సంచి కోసం కాస్త తవ్వితే చాలు. సంచులు లేకపోతే మోచేయంత పొడవున్న కర్ర ముక్కలతోనూ ఇలాగే చేయొచ్చు.

టెంట్ నిలబెట్టేటప్పుడు గాలి వచ్చే వైపు తాళ్లు ముందు బిగించండి. పోల్స్ ఎత్తేది ఆ తర్వాతే. ఒక్కరే ఉంటే లోపల బరువైన బ్యాగులు పడేసి మొదలుపెట్టండి. పడుకునే చోట తుంటికీ భుజానికీ ఇసుకలో చిన్న పల్లాలు చేసి, మీద షీటు పరిస్తే నిద్ర బాగా పడుతుంది. గుమ్మం దగ్గర చిన్న తట్టలో నీళ్లు పెట్టండి. కాళ్లు కడుక్కోకుండా ఎవరినీ లోపలికి రానివ్వకండి. ఈ ఒక్క రూల్ మీద ఎంత గొడవైనా ఫర్వాలేదు, రెండో రాత్రికి అందరూ ఒప్పుకుంటారు.

పిల్లలు సరదాగా గోతులు తవ్వుతారు. మోకాలికన్నా లోతు తవ్వనివ్వకండి. ఇసుక గోడ హఠాత్తుగా కూలితే లోపలున్నవాళ్లు ఊపిరాడక చనిపోతారు, పక్కనే పెద్దవాళ్లున్నా చేతులతో తవ్వి తీసేంత టైమ్ ఉండదు. తవ్విన ప్రతి గొయ్యినీ చీకటి పడేలోపు పూడ్చేయండి.

6. రాత్రి

మంటకు అనుమతి ఉంటేనే వేయండి. సముద్రంలో కొట్టుకొచ్చిన చెక్కలో ఉప్పు ఉంటుంది, దాన్ని కాలిస్తే విషపు పొగలొస్తాయి. కట్టెలు మీరే తెచ్చుకోండి. ఆర్పేటప్పుడు ఇసుక కప్పొద్దు. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి వేడిగా ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు. మర్నాడు పొద్దున్న ఉత్తి కాళ్లతో పరుగెత్తే పిల్లలు వాటి మీదే కాలు పెడతారు. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి.

స్టవ్‌నీ బొగ్గుల కుంపటినీ టెంట్ లోపల వెలిగించకండి, తలుపు తీసి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాబేళ్లు వచ్చే తీరమైతే తెల్ల లైట్లు వాడకండి. పిల్ల తాబేళ్లు రాత్రి ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. సహజంగా అది సముద్రం వైపు. మీ లాంతరు అంతకన్నా ప్రకాశంగా ఉంటే దాని వైపు వచ్చి దారి తప్పి చనిపోతాయి.

మరుగుదొడ్డి ఉన్న స్థలమే ఎంచుకోవడం మేలు. లేకపోతే నీటికి 60 మీటర్ల దూరంలో, దిబ్బల మొక్కలకు దూరంగా, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. కాగితాలూ తడి టిష్యూలూ పాతిపెట్టొద్దు, కవర్లో వేసి వెనక్కి తెచ్చేయాలి.

పడుకునే ముందు ఆ రాత్రి పోటు టైమ్ చూసి, దానికి అరగంట ముందు అలారం పెట్టుకోండి. లేచి లైటు వేసి నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూస్తే మిగతా రాత్రి టెన్షన్ ఉండదు. చీకట్లో ఎంత వెన్నెలున్నా నీళ్లలోకి దిగొద్దు. మందు తాగి ఉంటే పగలైనా వద్దు.

7. నీళ్లలోకి దిగడం

లైఫ్‌గార్డులున్న బీచ్‌లో జెండాలు చూసి దిగండి. ఎరుపు, పసుపు సగం సగం ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యే ఈదాలి. అక్కడే లైఫ్‌గార్డుల కన్ను ఉంటుంది. పూర్తి ఎర్ర జెండా అంటే ప్రమాదం, దిగొద్దు. నలుపు తెలుపు గళ్ల జెండాలు సర్ఫ్‌బోర్డులకు కేటాయించిన చోటు, అక్కడ ఈతకు దిగితే బోర్డు తలకు తగులుతుంది. ఊదా రంగు జెండా జెల్లీఫిష్ లాంటి ప్రాణులున్నాయని హెచ్చరిక. నారింజ రంగు గాలి సంచి ఎగురుతుంటే గాలి సముద్రం వైపు వీస్తోందని. ఆ రోజు గాలి నింపిన ట్యూబులు, పరుపులు నీళ్లలో వేస్తే తిరిగి రావు.

అల ఎక్కడ విరుగుతోందో చూస్తే లోతు అంచనా కట్టొచ్చు. సుమారుగా తన ఎత్తుకు 1.3 రెట్లు లోతున్న చోట అల విరుగుతుంది. మీటరు ఎత్తు అల దూరంగా విరిగి, నురుగై ఒడ్డుదాకా దొర్లుతూ వస్తుంటే అడుగు మెల్లగా లోతవుతోంది, కొత్తవాళ్లకు అనువైన చోటు. అదే అల నేరుగా ఒడ్డు ఇసుక మీదే ఢామ్మని పడుతుంటే అడుగు నిటారుగా ఉంది. అలాంటి చోట మెడ, వెన్ను విరిగే ప్రమాదం ఉంది. మోకాలి లోతు నీళ్లే కదా అనుకోవద్దు. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు టన్నుకు పైగా బరువు.

ఇక రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి. ఇసుక మేటల మధ్య లోతైన సందు దొరికితే ఆ నీరు అందులోంచి నదిలా సముద్రంలోకి పరుగెడుతుంది. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు, నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు, పిల్లలున్నవాళ్లు 'ఇక్కడ అలలు లేవు' అని ఏరి ఏరి అక్కడే దిగుతారు. తీరంలో అందరికీ చెప్పాల్సింది ఇదొక్కటే అయితే నేను ఇదే చెబుతాను: సర్ఫ్ బీచ్‌లో నిమ్మళంగా ఉన్న సందును నమ్మొద్దు.

రిప్ మామూలుగా సెకనుకు అర మీటరు వేగంతో ఉంటుంది, ఉధృతంగా ఉంటే 2.4 మీటర్ల దాకా పోతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్లె 100 మీటర్లు ఈదడానికి 46.40 సెకన్లు తీసుకున్నాడు, అంటే సెకనుకు సుమారు 2.16 మీటర్లు. అలాంటి ఈతగాడే ఎదురీదలేనప్పుడు మనం ప్రయత్నించడం దండగ. అయితే రిప్ మనిషిని కిందికి లాగదు, బయటికి మాత్రమే తీసుకెళ్తుంది. ప్రాణం పోయేది ఒడ్డు వైపు ఎదురీది ఎదురీది అలసిపోవడం వల్ల. అందులో చిక్కుకుంటే ఇలా చేయండి. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలదొక్కుకోండి. ఒక చేయి పైకెత్తి ఊపుతూ పిలవండి. ఈత వస్తే, ఒడ్డుకు సమాంతరంగా, అలలు తెల్లగా విరుగుతున్న వైపు ఈదండి. అలలు విరుగుతున్నాయంటే అక్కడ లోతు తక్కువ, పైగా ఆ నురుగే మిమ్మల్ని ఒడ్డు వైపు నెడుతుంది. ఈత అంతగా రాకపోతే తేలుతూనే ఉండండి. చాలా రిప్‌లు అలలు విరిగే వరుస దాటాక బలం తగ్గిపోతాయి, కొన్ని గుండ్రంగా తిరిగి మేట మీదికే తెస్తాయి.

వేరేవాళ్లు కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. కాపాడబోయి మునిగిపోయేవాళ్లు చాలామంది. ముందు లైఫ్‌గార్డును పిలిపించండి, ఒకరు వేలు చూపిస్తూ ఆ మనిషి మీది నుంచి చూపు తిప్పకుండా నిలబడండి. తేలేది ఏది దొరికినా విసరండి: సర్ఫ్‌బోర్డు, మూత బిగించిన ఖాళీ డబ్బా, గాలి పరుపు ఏదైనా. వెళ్లక తప్పదనుకుంటే తేలే వస్తువు చేతిలో లేకుండా వెళ్లొద్దు.

సర్ఫింగ్ మొదటిసారైతే 8, 9 అడుగుల స్పాంజ్ బోర్డు తీసుకుని, కాలికి లీష్ (బోర్డు దూరంగా పోకుండా పట్టి ఉంచే తాడు) కట్టుకుని, నడుము లోతులో విరిగిన నురుగు మీదే మొదలుపెట్టండి. బోర్డును మీకూ అలకూ మధ్య అడ్డంగా ఎప్పుడూ పట్టుకోకండి, అల దాన్ని తెచ్చి మూతికి కొడుతుంది. పడేటప్పుడు బల్లపరుపుగా పడండి, లేచేటప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని లేవండి. అల విరగడం మొదలయ్యే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది. వాళ్లు లేచాక మధ్యలో దూరడం అన్ని తీరాల్లోనూ తప్పే.

8. ఒంటికి తగిలేవి

నీడలో కూర్చున్నా ఎండ తగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్నీ, సముద్రపు నురుగు 25 శాతాన్నీ తిరిగి మన మీదికే పంపుతాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయండి, గడ్డం కింద కూడా.

జెల్లీఫిష్ కుడితే ఉచ్చ పోయమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి. మంచినీళ్లూ పోయకండి, రుద్దకండి. సముద్రపు నీళ్లతో కడిగి, అంటుకున్న తీగల్ని పట్టకారుతో తీయండి. నీలి బుడగలాంటి బ్లూబాటిల్ అయితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, 20 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. దానికి వెనిగర్ వాడరు. వెనిగర్ బాక్స్ జెల్లీఫిష్‌కు, దాని కాటు పడితే ఆంబులెన్స్ కూడా పిలవాలి. ఇసుకలో కప్పుకుని పడుకునే టేకు చేప (స్టింగ్‌రే) మీద అడుగు పడకుండా, లోతు తక్కువ నీళ్లలో పాదాలు ఈడుస్తూ నడవండి. అలికిడికి అవే తప్పుకుంటాయి.

ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి వెంటనే బయటికి రండి. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. అద్దాలెత్తిన కారులో కూర్చుని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

సునామీ సంగతి రెండే ముక్కలు. తీరంలో ఉండగా భూమి 20 సెకన్లకు మించి గట్టిగా కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కి పోయినా, రైలు వస్తున్నంత హోరు వినిపించినా హెచ్చరిక కోసం ఎదురుచూడకండి. సామాను వదిలేసి 30 మీటర్ల ఎత్తుకో, తీరానికి 3 కిలోమీటర్ల లోపలికో వెళ్లిపోండి. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో పదేళ్ల టిల్లీ స్మిత్ నీళ్ల మీద వింత నురుగు చూసి, రెండు వారాల కిందటే బడిలో చెప్పిన భూగోళ పాఠం గుర్తొచ్చి పెద్దల్ని హెచ్చరించింది. బీచ్ ఖాళీ చేయించారు, ఆ మై ఖావ్ బీచ్‌లో ఎవరూ చనిపోలేదు. మొదటి అల తగ్గాక సామాను కోసం వెనక్కి రావొద్దు. తర్వాతి అలలు ఇంకా పెద్దవి కావొచ్చు.

9. వెళ్లే రోజు

గాలి తక్కువగా ఉండే పొద్దున్నే టెంట్ విప్పండి. గాలికి ఎదురుగా ఉన్న తాళ్లు చివర్లో వదలాలి. పాతిన సంచులన్నీ లెక్క పెట్టి తీయండి, ఇసుకను అక్కడే పోసేయండి. పోల్స్ విడదీసే ముందు కీళ్లలోని ఇసుక ఊది తుడవండి, లేకపోతే అవి బిగుసుకుపోతాయి. జిప్పుల్లో ఇసుక ఉండగా బలంగా లాగితే పళ్లు అరిగిపోతాయి, చిన్న బ్రష్‌తో దులిపాక లాగండి.

ఇంటికి చేరిన రోజే టెంట్, తాళ్లు, పెగ్గులు, జిప్పులు, లీష్ మంచినీళ్లతో కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టండి. ఉప్పు గాల్లోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. అలాగే మడిచి అటక మీద పడేస్తే లోహం తుప్పు పడుతుంది, గుడ్డకు బూజు పడుతుంది. కుట్టుల దగ్గర చేత్తో తడిమి చూసి, చెమ్మ తగిలితే ఇంకో రోజు ఆరనివ్వండి.